పెనుకొండ బండి, అంతకుముందు బోంగో బండి

మా ఊరు ధర్మవరం పక్కన చిన్న పల్లె, నేను ఉండేది బెంగుళూరులో, కాబట్టి నెలకు రెండుసార్లన్నా 44 నంబర్ హైవే మీద అటూ ఇటూ తిరుగుతా ఉంటా. బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్ట్ దాటి, పాలసముద్రం కూడా దాటినాక ఎర్రమంచి దగ్గర రోడ్డు పక్కనే కియా ఫ్యాక్టరీ కనిపిస్తుంది. చిన్నప్పుడు ఇదే దారిలో బస్సులో పోతుంటే శెనక్కాయ చేలు, తుమ్మచెట్లు, దూరంగా పెనుకొండ కొండ, అంతే, వేరే ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు అక్కడ కొత్త బండ్లు ఎక్కించుకున్న పొడుగాటి ట్రక్కులు లైన్ కట్టి నిలబడి ఉంటాయి. ఎన్నిసార్లు చూసినా ఆ చోట నా కాలు యాక్సిలరేటర్ మీద కొంచెం లూజ్ అవుతుంది, చూడకుండా పోలేను.

2022లో మేము కియా వాళ్ళ ఏడు సీట్ల బండి కారెన్స్ డీజిల్ తీసుకున్నాం. ఇంట్లో ఏడుగురం. నాయన, అమ్మ, అవ్వ, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. అంతకుముందు ఉన్న బండి పేరు చెప్పను గానీ దాంట్లో కూడా మూడో వరస ఉండేది, పేరుకే. అవ్వకి 78 ఏళ్ళు, మోకాళ్ళు పట్టేసి ఉంటాయి, ఆ సీటు మడిచి సందులోంచి వెనక్కి పోవాలంటే నేను ఒక చేత్తో సీటు పట్టుకోవాలి ఇంకో చేత్తో అవ్వని పట్టుకోవాలి, ఆమె "నేను రాను లేరా మీరు పోయిరాండి" అనేసేది. పెళ్ళిళ్ళకి, లేపాక్షికి, కదిరి తేరుకి, అన్నిటికీ అదే మాట. నిజంగా రావడం ఇష్టం లేక కాదు, ఆ ఎక్కడం దిగడం భయం.

కారెన్స్ షోరూంలో నాకు సన్‌రూఫ్ గుర్తులేదు, స్క్రీన్ గుర్తులేదు. సేల్స్ అబ్బాయి రెండో వరస ఎడమ సీటు భుజం దగ్గర ఒక బటన్ నొక్కాడు, సీటు దానంతట అదే వీపు వంచి ముందుకి దొర్లి నిలబడింది. అవ్వ కూడా మాతోనే వచ్చింది ఆ రోజు. ఆమె చేతికర్ర డోర్‌కి ఆనించి, బటన్ని తనే ఇంకోసారి నొక్కి చూసింది, తర్వాత పైన హ్యాండిల్ పట్టుకుని ఎవరి సాయం లేకుండా మెల్లగా వెనక్కి పోయి కూర్చుని చీర సర్దుకుంది. వెనక కూడా నెత్తి మీద ఏసీ గాలి వస్తుంటే అరచెయ్యి పైకెత్తి ఆ గాలిలో పెట్టి చూసుకుంది. నాయన అప్పటిదాకా రేటు గురించి బేరం ఆడుతున్న మనిషి, ఆ సీన్ చూసి ఇంక ఏమీ మాట్లాడలేదు, చెక్‌బుక్ తీసినాడు.

బండి కొన్నాక ఫ్రెండ్స్, చుట్టాలు, ఆఫీసులో వాళ్ళు అందరూ అడిగింది ఒకటే, "కియా అంటే హ్యుందాయే కదా, పేరు మార్చి అమ్ముతారు కదా" అని. సగం నిజం, సగం చానా పెద్ద అబద్ధం. ఆ మిగతా సగం తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే కియా కథ నన్ను వదల్లేదు, అందుకే ఈ పోస్ట్.

హ్యుందాయ్ మోటార్ పుట్టింది 1967లో. కియా అంతకంటే 23 ఏళ్ళు పెద్దది, 1944 డిసెంబర్‌లో మొదలైంది, అప్పటికి కొరియా ఇంకా జపాన్ పాలనలోనే ఉంది. కిమ్ చోల్ హో అనే ఆయన జపాన్ పోయి అక్కడ నట్లు బోల్టుల పని నేర్చుకుని తిరిగొచ్చి సియోల్ దగ్గర ఒక చిన్న వర్క్‌షాప్ పెట్టాడు. పేరు క్యోంగ్‌సోంగ్ ప్రెసిషన్, చేసేది ఇనుప గొట్టాలు, సైకిల్ పార్టులు. కార్లు ఊహలో కూడా లేవు. తర్వాత కొరియా యుద్ధం వచ్చింది, సియోల్ పోయింది, జనం అంతా కట్టుబట్టలతో దక్షిణాన బూసాన్‌కి పారిపోయారు, ఈయన కూడా ఫ్యాక్టరీని అక్కడికే మార్చాడు. చుట్టూ శరణార్థులు, తిండికి లేదు, అలాంటి టైంలో 1952లో కొరియాలో తయారైన మొదటి సైకిల్ అక్కడినుంచి బయటికొచ్చింది. దానికి పెట్టిన పేరు సామ్‌చొల్లి, అంటే మూడు వేల లీలు. లీ అంటే మన క్రోసు, ఆమడ లాగా వాళ్ళ పాత దూరపు కొలత, మూడు వేల లీలు అంటే వాళ్ళ దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా అని వాడుక. యుద్ధంలో దేశం రెండు ముక్కలవుతున్నప్పుడు ఒక సైకిల్‌కి ఆ పేరు పెట్టినాడంటే ఆ మనిషి మనసులో ఏముండేదో అని నేను చానాసార్లు అనుకుంటా. అదే ఏడాది కంపెనీ పేరు కియా అయింది, ఆసియా నుంచి పైకి లేచేది అని అర్థం.

తర్వాత హోండా టెక్నాలజీతో మోటార్ సైకిళ్ళు, 1962లో జపాన్ కంపెనీ మాజ్దా లైసెన్స్‌తో కే-360 అని మూడు చక్రాల చిన్న ట్రక్కు. మన దగ్గర పాత టెంపోలు ఉండేవి చూడండి ముందర ఒక చక్రం వెనక రెండు, అచ్చం ఆ తరహా. ఇరుకు సందుల్లోకి దూరేది, బొగ్గూ కూరగాయలూ ఏదైనా మోసేది. రెండు చక్రాలు, మూడు చక్రాలు, తర్వాత నాలుగు చక్రాలు, ఇలా మెట్టు మెట్టు ఎక్కిన కంపెనీ ఇది. 1973లో సోహారిలో పూర్తి స్థాయి ఫ్యాక్టరీ వచ్చింది, అదే ఏడాది కిమ్ చోల్ హో చనిపోయాడు, 1974లో మొదటి కారు బ్రిసా వచ్చింది, అది మాజ్దా ఫమీలియా ఆధారంగా చేసింది. సైకిల్‌తో మొదలుపెట్టిన ఆయన ఆ కారు రోడ్డెక్కడం చూడలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. 1981లో చున్ దూ హ్వాన్ మిలిటరీ ప్రభుత్వం, ఇన్ని కంపెనీలు కార్లు చేస్తే అందరూ మునుగుతారు, కాబట్టి కియా ఇకమీద కార్లు చెయ్యకూడదు, చిన్న ట్రక్కులు వ్యాన్లు మాత్రమే చేసుకో అని ఆర్డర్ వేసింది. బాగా అమ్ముడుపోతున్న బ్రిసా ఆగిపోయింది. ఆలోచించండి, బాగా నడుస్తున్న హోటల్‌ని ఇంక భోజనాలు పెట్టొద్దు టీ మాత్రం అమ్ముకో అంటే ఎట్లా ఉంటుంది. కంపెనీ అప్పటికే నష్టాల్లో ఉంది. అప్పుడు వాళ్ళు దించింది బోంగో అని ఒక వ్యాన్. డబ్బా ఆకారం, వరసగా సీట్లు, పది పన్నెండు మంది కూర్చోవచ్చు. అది ఎట్లా అమ్ముడుపోయిందంటే ఒక్క వ్యాన్ మొత్తం కంపెనీని నష్టాల్లోంచి లాగి బయటపడేసింది, ఆ సంగతిని కొరియా వాళ్ళు ఇప్పటికీ ఒక అద్భుతంలాగా చెప్పుకుంటారు. మనం ఏ కంపెనీ పొక్లెయిన్ కనపడినా జేసీబీ అంటాం కదా, అట్లాగే అక్కడ ఏ కంపెనీ వ్యాన్ అయినా జనం నోట్లో అది బోంగో బండే.

నిషేధం తీసేశాక 1987లో ప్రైడ్ వచ్చింది. మాజ్దా డిజైన్ చేస్తే కియా తయారు చేస్తే ఫోర్డ్ ఫెస్టివా అని పేరు పెట్టి అమెరికాలో అమ్మింది. చిన్న పెట్టె లాంటి కారు. దాన్ని తర్వాత ఇరాన్‌లో సైపా కంపెనీ 2020 దాకా చేసింది అంటే ఎంత మొండి బండో చూడండి.

అంతా బాగుంది అనుకుంటుండగా 1997. కియా చేతిలో స్టీల్ కంపెనీ ఒకటి అప్పుల్లో పీకల్లోతు మునిగింది, దాంతో పాటు మొత్తం గ్రూపు మునిగింది, ఆ ఏడాది చివరికి దేశమే ఐఎంఎఫ్ దగ్గర చెయ్యి చాచాల్సి వచ్చింది. 1998లో వేలం వేస్తే హ్యుందాయ్, దేవూ, శాంసంగ్, ఫోర్డ్ అందరూ పోటీ పడ్డారు, చివరికి హ్యుందాయ్ 51 శాతం కొన్నది. ఇప్పుడు ఆ వాటా దాదాపు మూడో వంతు. అంటే 1998 వరకు వీళ్ళిద్దరూ ఎదురెదురు కొట్లో కూర్చున్న వ్యాపారులు. "కియా అంటే హ్యుందాయే కదా" అన్న వాళ్ళకి నేను ఇదే చెప్తా, అన్నదమ్ములు కాదన్నా, వియ్యంకులు.

అప్పుడు కూడా కంపెనీని నిలబెట్టినవి సీట్లు ఎక్కువున్న బండ్లే. 1998లో కార్నివాల్, 1999లో మొదటి కారెన్స్. దేశం అంతా చేతిలో డబ్బుల్లేక అల్లాడుతున్న టైంలో కుటుంబం మొత్తం ఒకే బండిలో, అదీ పెట్రోల్ కాకుండా డీజిల్ మీదో గ్యాస్ మీదో తిరగొచ్చు అంటే ఎవరు వద్దంటారు. ఇది చదివిన రోజు రాత్రి కిందకి పోయి పార్కింగ్‌లో మా బండి వెనక డోర్ మీద కారెన్స్ అన్న అక్షరాలు చూస్తూ కొంచెంసేపు నిలబడినా. 1981లో ఒకసారి, 1998-99లో ఒకసారి, రెండుసార్లూ మునిగే కంపెనీని పట్టుకుంది మూడో వరసే. మా ఇంట్లో అవ్వ కూర్చునే వరస. మన కారెన్స్ ఆ పాత దానికి సాగదీసిన మోడల్ కాదు, కియాదే ఇంకో బండి సెల్టోస్ ప్లాట్‌ఫామ్, అంటే అడుగు చట్రం, దాని మీద కొత్తగా చేసింది, ఆ సంగతి తెలుసు. అయినా వ్యాన్లతో బతికిన కంపెనీకి వెనక కూర్చునే మనిషి గురించి ఆలోచించే అలవాటు ఒకటి ఉండిపోతుంది అని నా నమ్మకం.

హ్యుందాయ్ చేతికి వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. ఇంజిన్ అదే, గేర్‌బాక్స్ అదే, ప్లాట్‌ఫామ్ అదే, మరి జనం కియా ఎందుకు కొనాలి? దానికి వాళ్ళు పట్టుకున్న దారి డిజైన్. ఆడీ టీటీ అనే స్పోర్ట్స్ కారు డిజైన్ చేసిన జర్మన్ ఆయన పీటర్ ష్రైయర్‌ని 2006లో తెచ్చుకున్నారు. కియా బండ్ల ముందర గ్రిల్ మధ్యలో పైనా కిందా నొక్కినట్టు ఉంటుంది చూడండి, పులి ముక్కు అంటారు దాన్ని, ఆయన పెట్టిందే. ఎంత దూరం నుంచి చూసినా ఇది కియా అని తెలియాలి అని. 2012 చివర్లో ఆయన్ని కంపెనీ ప్రెసిడెంట్లలో ఒకరిని చేశారు. ఒక డిజైనర్‌కి అంత కుర్చీ వేశారంటే లుక్ అనేది వాళ్ళకి సోకు కాదు, బతుకుతెరువు. 2021లో లోగో మారింది, అక్షరాలు కలిపి రాసేసరికి చానామందికి అది కేఎన్ అని కనపడింది, మా పక్కింటి ఆయన కూడా "ఇది ఏం కంపెనీ బాబూ, కేఎన్ ఎప్పుడొచ్చింది" అన్నాడు.

ఇంక మన దగ్గరికి వస్తే, 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల బండ్ల కెపాసిటీ. ఫ్యాక్టరీకి నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి, అంటే హంద్రీ నీవా కృష్ణా నీళ్ళు. వానలు లేని అనంతపురం జిల్లాలో కార్ల ఫ్యాక్టరీ అంటే మొదట్లో మా ఊర్లో ఎవరూ నమ్మలేదు, ఎన్ని శంకుస్థాపన రాళ్ళు చూళ్ళేదు మనం అన్నారు. 2019 జనవరిలో ట్రయల్ బండి బయటికొచ్చింది, ఆగస్టులో సెల్టోస్ అమ్మకాలు మొదలైనాయి, డిసెంబర్‌లో ప్రారంభోత్సవం. 2023 జులైకి 10 లక్షల బండ్లు. నాలుగేళ్ళకి 10 లక్షలు! మధ్యలో కరోనా కూడా ఉంది. పెనుకొండలో, అనంతపురంలో కొరియన్ అక్షరాల బోర్డులు, కొరియన్ హోటళ్ళు వచ్చాయి. విజయనగర రాజులు తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధాని పెట్టుకున్న ఊరు అది, తర్వాత నాలుగు వందల ఏళ్ళు దాన్ని పట్టించుకున్నోళ్ళు లేరు. మా ఊరి పిల్లలు ఐటీఐ చదివి బెంగుళూరు పీణ్యలో రూముకి ఆరుగురు ఉండి పనిచేసేవాళ్ళు, ఇప్పుడు కొంతమంది అయినా కంపెనీ బస్సు ఎక్కి సాయంత్రానికి ఇంటికొస్తున్నారు. ఇంకా ఎక్కువమందికి, ఇంకా మంచి పోస్టుల్లో, లోకల్ వాళ్ళకి రావాలి అన్నది నా మాట, మా చుట్టుపక్కల అందరి మాట కూడా.

సరే, బండి ఉన్నోళ్ళు ఏమంటారు. నేను నా బండి ఒక్కటే చూసి మాట్లాడట్లా, మా సర్కిల్‌లో సెల్టోస్ నలుగురికి, సోనెట్ ఇద్దరికి ఉంది, కలిసినప్పుడల్లా ఇదే ముచ్చట.

అందరూ ఒప్పుకునేది ఏంటంటే ఆ డబ్బుకి ఇన్ని ఫీచర్లు అప్పట్లో ఎవరూ ఇవ్వలేదు. సీటులోంచి చల్లగాలి వచ్చే వెంటిలేటెడ్ సీట్లు, మే నెలలో అనంతపురంలో తిరిగేవాడికి అవి లగ్జరీ కాదు, వీపు తడవకుండా దిగొచ్చు. డీజిల్ ఇంజిన్‌కి అందరూ ఫ్యాన్సే, 1.5 లీటర్, 250 ఎన్ఎం టార్క్, ఏడుగురు ఎక్కినా కొడికొండ ఎక్కుడుకి రొప్పదు. నాకు హైవేలో 90 స్పీడ్ దగ్గర పట్టుకుంటే లీటర్‌కి 19 కిలోమీటర్ల దాకా ఇస్తుంది, బెంగుళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో 14కి పడిపోతుంది. మూడు వరసలూ లేపితే వెనక 216 లీటర్లే, రెండు బ్యాగులు పెడితే అయిపోయింది, ఊరినుంచి వచ్చేటప్పుడు బియ్యం మూట కాళ్ళ దగ్గర పెట్టుకోవాల్సిందే, ఈ సైజు బండిలో అంతకంటే ఎక్కువ అడగలేం.

సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది అన్నది సెల్టోస్ మొదటి బ్యాచ్ వాళ్ళు చానామంది చెప్పే మాట, హైవేలో బాగుంటుంది, మా ఊరి రోడ్డులో గుంతలన్నీ లెక్కపెట్టొచ్చు అని. కారెన్స్ ఆ విషయంలో మెత్తన.

రెండు క్లచ్‌లతో దానంతట అదే గేర్లు మార్చే డీసీటీ గేర్‌బాక్స్ గురించి చెప్పాలి ఎందుకంటే కొనేవాళ్ళు అడగరు, కొన్నాక బాధపడతారు. ఏ కంపెనీదైనా డ్రై క్లచ్ డీసీటీ అంటే లోపల మామూలు క్లచ్ ప్లేట్లే ఉంటాయి, కాకపోతే వాటిని నొక్కేది మన కాలు కాదు మోటార్. చల్లబరచడానికి నూనె లేదు. ట్రాఫిక్‌లో ముందు బండి అంగుళం కదిలితే మనం అంగుళం కదిలితే క్లచ్ సగం పట్టీ పట్టనట్టు రాసుకుంటా వేడెక్కుతుంది. ముందు కొంచెం గ్యాప్ రానిచ్చి ఒకేసారి కదలాలి, ఫ్లైఓవర్ ఎక్కుడులో బ్రేక్ మీద ఆపాలి గానీ యాక్సిలరేటర్‌తో పట్టి ఉంచకూడదు. రోజూ సిటీ ట్రాఫిక్కే అయితే ఆ క్లచ్‌కి బదులు నూనెతో పనిచేసే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ చూసుకోండి. డీజిల్ కూడా అంతే, బీఎస్6 డీజిల్ ఏదైనా సరే సైలెన్సర్ లైన్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, ఆ మసి కాలాలంటే వారానికి ఒకసారన్నా హైవే మీద ఒక ఇరవై నిమిషాలు ఆగకుండా నడపాలి. ఇంటినుంచి స్కూలుకి, స్కూలునుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు తిప్పేవాళ్ళకి డీజిల్ వద్దే వద్దు.

సేఫ్టీ దగ్గర మాత్రం నేను మొహమాటం లేకుండా చెప్తా. గ్లోబల్ ఎన్‌క్యాప్ అని బండ్లని గుద్దించి చూసి 5 స్టార్లకి మార్కులేసే టెస్టు ఒకటి ఉంది, 2020లో దాంట్లో సెల్టోస్‌కి 3 స్టార్లు, 2022లో కారెన్స్‌కి కూడా 3. నేను కొన్న ఏడాదే ఆ రిజల్ట్ వచ్చింది, ఆ రోజు మనసు చివుక్కుమంది. 6 ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో ఇచ్చి కూడా ఆ మార్కులు ఏంటి. టాటా, మహీంద్రా 5 స్టార్లు తెచ్చుకుంటుంటే ఇంత పేరున్న కంపెనీకి ఎందుకు రావు అని కియా ఓనర్లే గట్టిగా అడిగారు, అడగాలి కూడా. 2025లో కియాదే సైరోస్‌కి మన దేశం సొంత టెస్టు భారత్ ఎన్‌క్యాప్‌లో 5 వచ్చింది, అంటే చెయ్యగలరు, చెయ్యడం వాళ్ళ చేతిలోనే ఉంది.

అమెరికాలో మా పిన్ని కొడుకు అట్లాంటా దగ్గర ఉంటాడు, కియా టెల్యురైడ్ వాడతాడు. అది తయారయ్యేది అదే జార్జియా రాష్ట్రంలో వెస్ట్ పాయింట్‌లో, 2020లో వరల్డ్ కార్ ఆఫ్ ది ఇయర్. వాడు "నీది పెనుకొండ బండి నాది వెస్ట్ పాయింట్ బండి" అంటాడు. కానీ అక్కడ కియా పేరు చెడిన సంగతి కూడా వాడే చెప్పాడు. తాళం తిప్పి స్టార్ట్ చేసే చవక మోడళ్ళలో చానా వాటికి అసలు తాళం లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ ఏళ్ళ తరబడి పెట్టలేదు, దాంతో కుర్రాళ్ళు యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పి బండ్లు ఎత్తుకుపోయే వీడియోలు టిక్‌టాక్‌లో నిండిపోయాయి, చివరికి 2023లో హ్యుందాయ్, కియా కలిసి దాదాపు 20 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌కి ఒప్పుకోవాల్సి వచ్చింది. కొంచెం ఖర్చు మిగుల్చుకోవడానికి పోయి పేదోళ్ళు కొనే బండిని దొంగల చేతికిచ్చారు, ఇది నాకు అసలు నచ్చని విషయం. మంచి సంగతులు రాసినప్పుడు ఇదీ రాయాలి.

మొన్న దసరాకి ఊరికి పోతుంటే ఎర్రమంచి దగ్గర ట్రక్కులు కనపడగానే పిల్లలు అరిచారు. అవ్వ వెనకనుంచి "ఇది పుట్టింది ఈడేనా" అంది. అవునవ్వా అన్నా. "ఐతే రోంతసేపు ఆపరా" అంది. హైవే మీద ఆపకూడదు కాబట్టి ముందుకుపోయి టీకొట్టు దగ్గర ఆపినాం, అందరం దిగినాం, ఆమె బటన్ నొక్కుకుని తనే దిగింది, టీ తాగుతూ ఫ్యాక్టరీ ఉన్న వైపుకి చూస్తా చానాసేపు నిలబడింది.

వచ్చే నెల 60 వేల కిలోమీటర్ల సర్వీస్ ఉంది. బ్రేక్ ప్యాడ్లు, టైర్లు కూడా మార్చాలేమో. బిల్లు వచ్చాక ఏది ఎంతైందో ఐటెం ఐటెం రాస్తా, డీజిల్ కారెన్స్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నోళ్ళు అప్పటిదాకా ఆగండి.